స్పైరలైజర్‌లో తీగలు తెగకుండా రావాలంటే

కూరగాయల్ని నూడుల్స్‌లా తీసే స్పైరలైజర్ కొని, రెండు రోజులకే అటక ఎక్కించేశారా? ఒకసారి కిందికి దించండి. తేడా కొట్టేది ఎక్కువగా కాయ దగ్గరే. వంకర లేకుండా, బాగా గట్టిగా, రెండు వేళ్ల మందం ఉన్న కీరా, క్యారెట్ తీసుకోండి. రెండు చివర్లూ తిన్నగా కోయాలి. ఏటవాలుగా కోస్తే కాయ పక్కకి జరిగిపోయి, పొడుగు తీగలకి బదులు అర్ధచంద్రాల్లాంటి ముక్కలు రాలతాయి.

కీరా తీగల్లో పావు చెంచా ఉప్పు కలిపి 10 నిమిషాలు చిల్లుల గిన్నెలో ఉంచండి. అడుగున ఎన్ని నీళ్లు దిగుతాయో మీరే చూస్తారు! తీగల్ని మెల్లగా పిండేసి, వేయించిన పల్లీల పొడి, నిమ్మరసం, ఇంగువ పోపు కలిపితే ఎంత బావుంటుందో. ఇక ఉప్పు వేయక్కర్లేదు. క్యారెట్‌కి ఈ పని లేదు, పోపులో 2 నిమిషాలు పెద్ద మంట మీద తిప్పితే చాలు.

చివరి ముక్కని మాత్రం వేళ్లతో నెట్టకండి, స్పైరలైజర్‌తో పాటు వచ్చిన పిడితోనే నెట్టండి. బ్లేడు చాలా పదును. మిగిలిన మొదలు సాంబారులోకి పనికొస్తుంది.

వాడిన వెంటనే పాత టూత్ బ్రష్‌తో కుళాయి కింద కడిగేయండి, పీచు ఎండితే ఒక పట్టాన రాదు. ప్లాస్టిక్‌కి పట్టిన క్యారెట్ రంగు, కాస్త వంటనూనె రాసి తుడిచి సబ్బుతో కడిగితే వదులుతుంది.