వానల్లో అరకు వైపు వీడియోలు తీయడానికి వెళ్తున్నారా? సంచి సర్దే ముందు ఈ జాగ్రత్తలు

జూన్ మధ్యకు వచ్చేసరికి విశాఖ నుంచి అరకు, పాడేరు వైపు కెమెరాలతో బయల్దేరేవాళ్లు పెరుగుతారు. ఎండాకాలమంతా సన్నగా కారిన జలపాతాలు మళ్లీ దూకుతాయి. అనంతగిరి ఘాట్‌లో కాఫీ తోటల మధ్య మబ్బు రోడ్డు మీదికే దిగివస్తుంది. రీల్‌కైనా వ్లాగ్‌కైనా ఇంతకంటే మంచి కాలం లేదు. కానీ ఈ నెలల్లోనే బండలకు నాచు పడుతుంది, వాగులు చూస్తుండగానే పొంగుతాయి, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు జారతాయి. అందుకే సామాను సర్దేటప్పుడు కెమెరా తడవకుండా చూసుకుంటే చాలదు. మనిషి క్షేమంగా తిరిగొచ్చేలా సర్దుకోవాలి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు సంచి ఆరు కిలోలు తూగింది. కెమెరా, రెండు లెన్సులు, కుదుపు లేకుండా కెమెరాను పట్టి ఉంచే మోటారు పిడి గింబల్, ల్యాప్‌టాప్ అన్నీ అందులోనే. సంచిలో పట్టని పెద్ద ట్రైపాడ్ ఒక చేతిలో, గొడుగు ఇంకో చేతిలో. జలపాతం దగ్గర నాచు మీద కాలు జారింది. పడుతున్నప్పుడు నా చెయ్యి పక్కనున్న బండను పట్టుకోలేదు, ట్రైపాడ్‌నే ఇంకా గట్టిగా పట్టుకుంది. వెనకాల వస్తున్న స్నేహితుడు చొక్కా పట్టి లాగకపోతే నీళ్లలోకి పోయేవాణ్ణి. మోకాలికి నాలుగు కుట్లతో బయటపడ్డాను. ఆ రోజు నుంచి నాకు ఒకటే లెక్క: నడిచేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అలా ఉండనివ్వని వస్తువు ఎంత ఖరీదైనదైనా ఇంట్లోనే ఉంటుంది.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ వార్త విన్న తెలుగువాళ్లెవరూ దాన్ని మరచిపోలేరు. మన దగ్గర చాపరాయి అయినా, కటికి జలపాతమైనా, ములుగు జిల్లా బొగత అయినా నీటి తీరు అదే. మీరు నిలబడ్డ చోట చినుకు లేకపోయినా పైన కొండల్లో వాన కురిస్తే వరద కిందికి వస్తుంది. నీళ్లు ఉన్నట్టుండి మట్టి రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే, షాట్ సగంలో ఉన్నా సరే, గట్టెక్కేయండి. ట్రైపాడ్ నీళ్లలోనే ఉండిపోతే ఉండిపోనివ్వండి, దానికోసం వెనక్కి వెళ్లొద్దు.

ఇప్పుడు నా సంచిలో ఏముంటుందో చెబుతాను. మంచి కెమెరా ఉన్న ఫోన్, దోసిట్లో పట్టేంత చిన్న ట్రైపాడ్, కాలర్‌కు తగిలించే వైర్‌లెస్ మైకు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, రెండు కేబుళ్లు, మెమరీ కార్డును ఫోన్‌కు తగిలించే ఓటీజీ అడాప్టర్, లెన్సు తుడిచే మెత్తటి గుడ్డలు రెండు. అన్నీ కలిపి కిలోన్నర దాటవు. గింబల్ మానేశాను. ఇప్పటి ఫోన్లలో వీడియో కుదుపు లేకుండా ఉంచే సెట్టింగ్ బాగానే పనిచేస్తోంది, పైగా చాలా గింబల్ మోటార్లు వానకు తట్టుకోవు. కెమెరా తప్పనిసరి అనుకునేవాళ్లు ఒక్క లెన్సుతో వెళ్లండి. వానలో, గాలిలో లెన్సు మార్చడమంటే సెన్సర్ మీదికి చెమ్మను చేతులారా పిలవడమే.

డ్రోన్ సంగతి చాలామంది అడుగుతుంటారు. వానాకాలంలో వద్దనే అంటాను. మామూలు డ్రోన్లు తడిస్తే పాడవుతాయి, లోయల్లో గాలి ఎటు తిప్పుతుందో తెలియదు. తీసుకెళ్లి తీరాలంటే ముందు ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి. రెడ్, ఎల్లో జోన్లలో అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

గొడుగు కూడా వద్దు, ఒక చెయ్యి దానికే సరిపోతుంది. మోకాళ్ల దాకా వచ్చే రెయిన్‌కోటు వేసుకుని, సంచికి విడిగా రెయిన్ కవర్ తొడగండి. ఆ కవర్ ఉంది కదా అని ధీమా పడొద్దు, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. సంచి లోపల పెద్ద ప్లాస్టిక్ కవర్ పరిచి, అందులో ఒక్కో వస్తువును ఒక్కో జిప్‌లాక్ కవర్‌లో పెట్టండి. ప్రతి కవర్‌లో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి ఉండాలి. కొత్త చెప్పులు, సంచులు కొన్నప్పుడు వచ్చే పొట్లాలు పాతబడి ఉంటే చెమ్మ పీల్చవు, కొత్తవి కొనుక్కోండి.

ఫోన్ మీద నీటిని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు ఉన్నా జలపాతం కింద పెట్టకండి. ఆ పరీక్ష కదలని మంచినీళ్లలో చేసేది. దూకే నీటి ఒత్తిడికి, బీచ్ ఉప్పునీటికి అది వర్తించదు. వాడేకొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది కూడా. నీళ్లు పోయి పాడైతే వారంటీ సాధారణంగా రాదు. చార్జింగ్ రంధ్రంలో తడి ఉందని ఫోన్ హెచ్చరిస్తే కేబుల్ పెట్టకండి, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి గాలికి ఆరనివ్వండి. బియ్యంలో పెట్టే అలవాటు మానుకోండి. దుమ్ము లోపలికి పోవడం తప్ప లాభం లేదు. తెర తడిగా ఉంటే వేలి తాకిడి సరిగ్గా అందదు కాబట్టి వాల్యూమ్ బటన్‌తో రికార్డింగ్ మొదలయ్యేలా ఇంట్లోనే సెట్ చేసుకుని వెళ్లండి.

ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పట్టడం అందరికీ అనుభవమే. దాన్ని చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి. దిగే ముందు ఒక అరగంట ఏసీ ఆపి, కిటికీలు కాస్త దించి, సంచి జిప్పు తెరవకుండా ఉంచితే చాలు.

చార్జింగ్ విషయంలో మోసపోయేవాళ్లే ఎక్కువ. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండుతుందనుకుంటాం. వోల్టేజీ మారడంలో, వేడిలో పోయేది పోగా ఫోన్‌కు చేరేది ఆరు వేల చిల్లరే. ఒక నిండు చార్జింగ్, ఇంకొంచెం. కొండల్లో సిగ్నల్ దొరక్క ఫోన్ వెతుక్కుంటూనే బ్యాటరీ తినేస్తుంది, అందుకని షూటింగ్ సమయంలో ఫ్లైట్ మోడ్ పెట్టండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైల్లో వెళ్తూ తీయాలనుకునేవాళ్లు చార్జింగ్‌కు బోగీలోని ప్లగ్ పాయింటును నమ్ముకోకండి, అది పనిచేయకపోవచ్చు. ఆ దారిలో సొరంగాలు వరసగా వస్తాయి. చీకటికీ వెలుగుకీ మధ్య ఎక్స్‌పోజర్ (వీడియో వెలుతురు) ఊగిపోకుండా లాక్ చేసుకోండి. కెమెరా కోసం తలుపు దగ్గర వేలాడటం మాత్రం వద్దే వద్దు.

హైదరాబాద్ నుంచి విమానంలో వచ్చేవాళ్లు పవర్ బ్యాంక్‌ను చెకిన్ సామాన్లలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ దాకా మామూలుగా తీసుకెళ్లొచ్చు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్ అవుతుంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

4కెలో తీస్తే ఫోన్‌ను బట్టి, సెట్టింగ్‌ను బట్టి గంటకు 10 జీబీ నుంచి 24 జీబీ దాకా నిండుతుంది. జలపాతం షాట్లు నాలుగు 4కెలో తీసుకుని, మాట్లాడేవి 1080లో తీస్తే సరిపోతుంది. రాత్రి బసకు చేరగానే రోజంతా తీసినవి కార్డులోకి కాపీ చేసి, ఆ కార్డును ఫోన్ ఉన్న సంచిలో కాకుండా జేబులో పెట్టుకోండి. సంచి పోయినా తీసిన పని మిగులుతుంది.

పాడేరు దగ్గరి వంజంగి లాంటి కొండ మీదికి తెల్లవారుజామున ఎక్కేవాళ్లకు తలకు తగిలించుకునే లైటు తప్పదు. ఫోన్ టార్చితో ఎక్కితే మళ్లీ ఒక చెయ్యి పోయినట్టే. బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. ఆరెంజ్, రెడ్ ఉంటే వాయిదా వేయండి. పిడుగు హెచ్చరికల కోసం దామిని యాప్ ఉంది. ఉరుము వినిపిస్తే శిఖరం దిగిపోవాలి, చెట్టు కిందికి చేరకూడదు.

పడవ ఎక్కే పని ఉంటే లైఫ్ జాకెట్ వేసుకున్నాకే కెమెరా పట్టీ పైన వేసుకోండి, లోపల ఇరికించొద్దు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తర్వాత కూడా ఫొటో బాగా రాదని జాకెట్ విప్పేవాళ్లను చూస్తే నాకు కడుపులో తిప్పినట్టుంటుంది.

సంతలోనో, ఊళ్లోనో గిరిజనులను తీయాలనుకుంటే ముందు అడగండి. వద్దంటే ఫోన్ దించేయండి.

ఇంటికొచ్చాక సంచిని అలాగే అల్మారాలో పెట్టేస్తే నెల తిరిగేసరికి లెన్సులో బూజు కనిపిస్తుంది. అన్నీ బయటకు తీసి, ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరబెట్టి, కొత్త సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టుకోండి.