మాగోమె నుంచి త్సుమాగో దాకా: పదిమందిని వెంటేసుకుని నడవాలంటే

జపాన్‌లోని నాగోయాలో మా తెలుగువాళ్ల నడక గుంపుకి మేస్త్రీని నేనే. కొత్తవాళ్లు ఎవరొచ్చినా మొదట కిసో లోయకే తీసుకెళ్తాను. ఎదో కాలంలో, అంటే ఇప్పటి టోక్యోకి ఆ పేరున్న రోజుల్లో, అక్కణ్నుంచి క్యోటోకి కొండల మధ్యగా నకసెందో అనే బాట ఉండేది. దాని మీద 69 మజిలీలు. త్సుమాగో 42వది, మాగోమె 43వది. ఈ రెంటి మధ్య 8 కిలోమీటర్లే మన నడక.

మాగోమె నుంచే మొదలెట్టండి. ఆ ఊరు దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉంది, త్సుమాగో 420 దగ్గర. 800 మీటర్ల కనుమ దాకా రెండు కిలోమీటర్ల పైచిలుకు ఎక్కితే, ఆ తర్వాత దాదాపు అంతా దిగుడే. తిరగేసి నడిస్తే ఎక్కుడు రెట్టింపు అవుతుంది. నాగోయా నుంచి చూఓ లైన్ రాపిడ్ రైల్లో నకత్సుగావాకి గంటంబావు, అక్కణ్నుంచి మాగోమెకి బస్సులో అరగంట. పదిమంది ఒకేసారి ఎక్కాలంటే బస్టాపులో కాస్త ముందే నిలబడాలి. చిల్లర యెన్‌లు అందరి జేబుల్లోనూ ఉండాలి. పిల్లల తోపుడు బండి మాత్రం ఇంట్లోనే వదిలేయండి, రాళ్ల బాట మీద దాన్ని మీరే మోయాల్సి వస్తుంది.

తిండి సంగతి. శాకాహారులు సోబా నూడుల్స్ చూసి మోసపోవద్దు. నూడుల్స్‌లో ఏమీ ఉండదు కానీ, ముంచుకునే పులుసు ఎండు చేపతో కాచిందే. మాగోమెలో పుల్లకి గుచ్చి కాల్చే గోహెయి మోచి దొరుకుతుంది. అన్నం మెదిపి, అక్రోట్లు నూరిన సోయా ముద్ద పట్టిస్తారు. మాడిన అంచు దగ్గర రుచి ఇంకా బాగుంటుంది. మేం మాత్రం పులిహోర కట్టుకుపోతాం. దారిలో చెత్తబుట్ట కనబడటం కష్టం, విస్తరాకు కాదుగదా పారేసి పోవడానికి! ఖాళీ డబ్బాలూ కవర్లూ సంచిలో మళ్లీ ఇంటికే.

గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు నడిపించండి. నేను చివర్న ఉంటాను. గట్టిగా నడిచేవాళ్లు ముందుంటే అరగంటలో గుంపు మూడు ముక్కలవుతుంది, కనుమ దగ్గర ఒకళ్ల కోసం ఒకళ్లు చలికి వణుకుతూ నిలబడాలి. వాన పడ్డ మర్నాడైతే నాచు పట్టిన రాళ్ల మీద పాదం మొత్తం ఆనించి నడవమనండి. ముందు మడమ పెడితే జారడం ఖాయం.

దారి పక్కన అక్కడక్కడా ఎలుగుబంట్లని తోలడానికి గంటలు వేలాడదీశారు. మొహమాటపడకుండా గట్టిగా కొట్టండి. మా పిల్లలైతే గుళ్లో లాగా వరస కట్టి, కొట్టాక దణ్ణం కూడా పెట్టుకున్నారు. నిటారుగా నిలబడ్డ హినోకి చెట్లని మాత్రం మర్యాదగా చూడండి. అప్పట్లో ఇక్కడ చెట్టు కొడితే తల కొట్టేవారట, "చెట్టొకటి, తలొకటి" అని సామెత మిగిలింది.

కనుమ దిగాక పాత టీ విడిది వస్తుంది. లోపల పొయ్యి రాజుకుంటూ ఉంటుంది, చూరంతా పొగచూరిన నలుపు. అది తెరిచి ఉన్న రోజు టీ ఊరికే పోస్తారు, పక్కనున్న డబ్బాలో తోచినంత వేయండి. అక్కడ ఇరవై నిమిషాలు కూర్చోవాలి. చెప్పులు విప్పి కాళ్లు చాపినవాడు లేవడానికి పది నిమిషాలు పడుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి.

త్సుమాగోలో కరెంటు తీగలు కనబడవు, పగలు పెద్ద వీధిలో కార్లు తిరగవు. అందుకే మనవాళ్లు ఫోటోలకి చెల్లాచెదురవుతారు. తిరుగు బస్సు టైము కాగితం మీద రాసి ఒక్కొక్కరి చేతిలో పెట్టండి. ఒక నవంబర్‌లో నేను ఆ పని చేయలేదు, బస్సు వెళ్లిపోయింది. నగిసో రైల్వే స్టేషన్‌కి మూడున్నర కిలోమీటర్లు, ఐదు కాకుండానే చీకటి. పదకొండుమందిమి ఉన్నాం, ఛార్జింగు మిగిలిన ఫోను ఒక్కటే. మిగిలిన పులిహోర ప్లాట్‌ఫాం మీద తిన్నాం. అప్పట్నుంచి నా సంచిలో రెండు టార్చిలుంటాయి.