కీళ్లవాతానికి మందులు మొదలుపెడుతున్నారా? ఇవి తెలుసుకోండి

రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం అని తేలగానే మన శ్రీకాకుళం వైపు ఎవరైనా అడిగేది ఒకటే, "ఎన్నాళ్లకి తగ్గుతుంది?" అని. ఇది మొత్తానికి పోయే జబ్బు కాదండి. కానీ తొందరగా మందులు మొదలుపెడితే చాలామందికి అదుపులోకి వస్తుంది, వేళ్లు వంకర్లు పోకుండా కాపాడుకోవచ్చు.

మామూలుగా ముందు రాసేది మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. అందుకే డాక్టర్‌తో మాట్లాడి ఒక రోజు ఖాయం చేసుకుని, ఆదివారం అయితే "ఆదివారం మాత్రమే" అని అట్ట మీద పెన్నుతో పెద్దగా రాసి, అమ్మ బీపీ మాత్రల డబ్బాలో కలిసిపోకుండా విడిగా పెట్టండి. దీంతోపాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర కూడా ఇస్తారు, అది మానొద్దు. మాత్ర వేసుకున్న మర్నాడు కొందరికి వికారంగా, నీరసంగా ఉంటుంది. అలా ఉంటే డాక్టర్‌కి చెప్పండి, డోసు మార్చడమో ఇంజెక్షన్ ఇవ్వడమో చేస్తారు. మందు వాడుతున్నంతకాలం మద్యం వద్దు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ముందే చెప్పాలి, గర్భంలో బిడ్డకి ఈ మందు హాని చేస్తుంది.

ఫలితం కనబడడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈలోగా వాపు, నొప్పి త్వరగా తగ్గడానికి కొన్నాళ్లు స్టెరాయిడ్ మందు ఇవ్వొచ్చు, దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. చాలామంది ఓపిక పోయి మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కునేది ఇలా ఎదురుచూసే రోజుల్లోనే. అవి నొప్పిని తగ్గిస్తాయి గానీ కీలు పాడవడాన్ని ఆపవు, పైగా కిడ్నీల మీద భారం. మన జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేస్తోందో చూస్తూనే ఉన్నాం కదా. కిడ్నీ సరిగ్గా లేకపోతే మెథోట్రెక్సేట్ కూడా ఒంట్లో పేరుకుపోతుంది, అందుకే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), లివర్, రక్తకణాల పరీక్షలు మొదట్లో తరచుగా, తర్వాత రెండు మూడు నెలలకోసారి చేయిస్తారు. డబ్బు దండగ అనుకోకుండా చేయించుకోండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే ఇంకో కీళ్లవాతం మందు కూడా రాస్తే కళ్ల పరీక్ష ఉంటుంది.

వీటితో తగ్గకపోతే బయోలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి, ఖరీదెక్కువ, ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. ఏ మందు మీద ఉన్నా జ్వరం గానీ, నోటిపూత గానీ, ఆయాసం గానీ వస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

ఇంకోటి, పొద్దున్న లేచాక పిడికిలి బిగించడానికి ఎంతసేపు పడుతోందో రోజూ రాసి పెట్టుకోండి. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్లకి ఇది మరీ ముఖ్యం, వాళ్ల సంపాదనంతా ఆ వేళ్లమీదే. "నొప్పిగా ఉందండి" అని ఊరుకోకుండా "గంట పట్టేది, ఇప్పుడు పావుగంట" అని చెబితే మందు పనిచేస్తోందో లేదో డాక్టర్‌కి తెలుస్తుంది. రుమటాలజిస్ట్ (కీళ్లవాతం స్పెషలిస్ట్ డాక్టర్) కోసం విశాఖ వెళ్లేవాళ్లు పాత రిపోర్టులన్నీ, వాడిన మందుల అట్టలతో సహా, ఒకే కవర్లో పెట్టుకుని వెళ్లండి.