సర్వర్ లేకుండా గిట్ – 4వ పాఠం: బండిల్ కట్టేది ఒక్కరే

పోయిన పాఠంలో టొరెంట్ క్లయింట్ (సర్వర్ లేకుండా ఫైళ్లను ఒకరికొకరు పంచుకునే ప్రోగ్రాం) పెట్టుకుని ఒక ఫైలును నల్గొండ నుంచి దేవరకొండకు పంపి చూశాం. ఈసారి మన చెరువుల పటాల రిపోను, అంటే ఫైళ్ల మార్పులను గిట్ గుర్తుపెట్టుకునే ఫోల్డరును, చరిత్రతో సహా పంపుదాం.

ఆ చరిత్రంతా ఉండే .గిట్ ఫోల్డరునే టొరెంట్ చేస్తే పోలా అనిపిస్తుంది. వద్దు. టొరెంట్‌ను గుర్తుపట్టేది ఇన్ఫోహ్యాష్‌తో, అంటే లోపలి బైట్ల నుంచి లెక్కగట్టిన వేలిముద్రతో. లోపల ఒక్క బైటు మారినా అది వేరే టొరెంటే. ఆ ఫోల్డరేమో ప్రతి కమిట్‌కూ (మార్పులను చరిత్రలో నమోదు చేసిన ప్రతిసారీ) మారుతుంది, గిట్ తనంతట తాను సర్దుకున్నా మారుతుంది. పైగా మీ సొంత కాన్ఫిగ్ కూడా అందులోనే ఉంటుంది.

గిట్‌లోనే దీనికి బండిల్ ఉంది: కమిట్లన్నీ మూటగట్టిన ఒకే ఫైలు. ఆదేశాలు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైపు చేసేది ఇంగ్లిషు అక్షరాల్లోనే:

గిట్ బండిల్ క్రియేట్ చెరువులు.బండిల్ హెడ్ మెయిన్

మెయిన్ అంటే ప్రధాన శాఖ, హెడ్ అంటే మనం ఇప్పుడు ఏ శాఖ మీద ఉన్నామో చెప్పే గుర్తు. చాలామంది చివర --ఆల్ అని కొడతారు. ఆల్ అంటే నిజంగానే అన్నీ: కమిట్ చేయకుండా స్టాష్‌లో పక్కన దాచిన సగం పని కూడా వెళ్తుంది. ఎప్పుడో తొలగించిన పాస్‌వర్డు ఫైలు మెయిన్ చరిత్రలో ఉంటే మాత్రం, ఎలా కట్టినా వెళ్తుంది. నలుగురి దగ్గరికి చేరినదాన్ని వెనక్కి తెచ్చుకోలేం, ముందే చూసుకోండి. హెడ్ రాయడం మరిస్తే, క్లోన్ చేసినవాళ్లకు ఫైళ్లు కనిపించకపోవచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు. నల్గొండలో ఒకరు, అచ్చంపేటలో ఒకరు అవే కమిట్లతో బండిల్ కట్టారనుకోండి. కమిట్ ఐడీలు అక్షరం తేడా లేకుండా ఒకటే. ఫైళ్లు మాత్రం వేరు కావచ్చు. ఏ ఆబ్జెక్టును (గిట్ దాచుకునే ముక్కను) దేనికి తేడాగా కుదించాలన్నది గిట్ వెర్షన్‌ను బట్టి, ప్రాసెసర్ థ్రెడ్లను బట్టి మారుతుంది. అదే తంగేడు, అదే గునుగు అయినా రెండిళ్ల బతుకమ్మలు ఒక్క తీరుగా పేర్వరు కదా. బైట్లు వేరైతే ఇన్ఫోహ్యాష్ వేరు, సీడర్లు (ఫైలును ఇతరులకు పంచేవాళ్లు) రెండు గుంపులుగా చీలిపోతారు. అందుకే బండిల్ ఒక్కరే కట్టాలి. మిగతావాళ్లు దింపుకున్న ఆ ఫైలునే సీడ్ చేయాలి.

వారంవారం మొత్తం కట్టనక్కర్లేదు. బండిల్ కట్టిన రోజే మెయిన్ మీద వారం-1 అని ట్యాగ్ పెట్టుకోండి. తర్వాత:

గిట్ బండిల్ క్రియేట్ చెరువులు-2.బండిల్ వారం-1..మెయిన్

ఇందులో కొత్త కమిట్లే ఉంటాయి, ఇది కొత్త టొరెంట్. అందుకున్నవాళ్లు ముందు గిట్ బండిల్ వెరిఫై చెరువులు-2.బండిల్ అని కొట్టాలి. పాత కమిట్లు తమ దగ్గర లేకపోతే అదే చెబుతుంది. ఆ తర్వాత గిట్ పుల్ చెరువులు-2.బండిల్ మెయిన్.

ఇద్దరూ మొబైల్ డేటా మీదే ఉంటే డౌన్‌లోడ్ తరచూ సున్నా దగ్గరే ఆగుతుంది. ఆ నెట్‌వర్కుల్లో ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో పంచుకుంటారు, బయటి నుంచి వచ్చే కనెక్షన్ మీ ఫోను దాకా రాదు. కనీసం ఒకరికి ఇంటి బ్రాడ్‌బ్యాండ్, రూటర్‌లో తెరిచిన పోర్టు ఉండాలి. హాస్టల్‌లో ఒకే వైఫై మీద ఉంటే క్లయింట్‌లో లోకల్ పీర్ డిస్కవరీకి (అదే నెట్‌వర్కులో ఉన్నవాళ్లను వెతికే సదుపాయానికి) టిక్ పెట్టండి.

అభ్యాసం: రెండు ల్యాప్‌టాపుల్లో ఒకే రిపోకు బండిల్ కట్టి, రెండు ఫైళ్ల షా256సమ్ (ఫైలు వేలిముద్రను చూపే ఆదేశం) ఫలితాలు పోల్చండి. చిన్న రిపో అయితే ఒకటే రావచ్చు, పెద్దదానితో చూడండి. మెయిన్ కదిలినప్పుడల్లా కొత్త మాగ్నెట్ లింకు (ఇన్ఫోహ్యాష్ ఉండే టొరెంట్ చిరునామా) పంచే తిప్పలు తప్పేలా 2015లో క్రిస్ బాల్ చేసిన గిట్‌టొరెంట్ సంగతి 5వ పాఠంలో.