మోటారు వేడెక్కకుండా, 4వ పాఠం: థర్మిస్టరును డ్రైవ్‌కు కలపడం

పోయిన పాఠంలో డ్రైవ్‌లో (మోటారు వేగం మార్చే పెట్టెలో) మోటారు నేమ్‌ప్లేటు మీది కరెంటు పెట్టుకున్నాం. డ్రైవ్ ఆ కరెంటును బట్టి వేడిని లెక్కగడుతుందే గాని, వైండింగు నిజంగా ఎంత కాగిందో దానికి తెలీదు. తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లలో చిక్కంతా ఇక్కడే. రాతి బురద మోటారు రెక్కల మధ్య పడి ఆరి గట్టిపడుతుంది, గాలి ఆడదు. మే నెలలో రేకుల షెడ్డు కింద వేడి 40 డిగ్రీలు దాటుతుంది. మామూలు మోటారు రేటింగు ఇచ్చేదే 40 వరకు. ఇక 25 హెర్ట్జ్‌లో తిప్పితే షాఫ్టు మీది ఫ్యానూ సగం వేగమే. కరెంటు హద్దులోనే ఉంటుంది, డ్రైవ్ ట్రిప్ అయి మోటారును ఆపదు, వైండింగు మాడిపోతుంది.

దీనికి మందు పీటీసీ థర్మిస్టర్లు: వేడి హద్దు చేరగానే రెసిస్టెన్స్ ఒక్కసారిగా పెరిగే చిన్న సెన్సర్లు. ఫేజుకొకటి, మూడూ సిరీస్‌లో. రీవైండింగుకు ఇచ్చినప్పుడే అడగండి: వార్నిష్ పోయకముందే కాయిల్ చివరి మలుపుల సందులో దూర్చి కట్టాలి. తర్వాత పైన అతికిస్తే వేడి ఆలస్యంగా అందుతుంది. ఎఫ్ క్లాస్ ఇన్సులేషన్ హద్దు 155 డిగ్రీలు. 150 డిగ్రీల థర్మిస్టరు వేయించుకుంటే కాస్త ముందే ఆపుతుంది.

టెర్మినల్ బాక్సులో థర్మిస్టర్ల టీపీ1, టీపీ2 తీగల మధ్య మల్టీమీటరు పెట్టండి. చల్లటి మోటారులో మూడూ కలిపి 750 ఓమ్‌లు మించకూడదు. సున్నా దగ్గరుంటే ఎక్కడో షార్టయింది, అది ఎప్పటికీ ట్రిప్ చేయదు. ఈ తీగలకు మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ చూసే మీటరు) మాత్రం పెట్టకండి, థర్మిస్టరు పోతుంది.

డ్రైవ్ దాకా షీల్డు కేబులే లాగండి, మోటారు కేబుల్‌కు దూరంగా. షీల్డును డ్రైవ్ వైపు మాత్రమే ఎర్త్ చేయాలి. థర్మిస్టరు ఇన్సులేషన్ మీద భరోసా లేకపోతే నేరుగా డ్రైవ్‌కు కలపొద్దు: వైండింగు వోల్టేజి కంట్రోల్ కార్డు మీదికి వస్తే కార్డే కాదు, కీప్యాడ్ మీద చెయ్యి పెట్టినవాడికీ ప్రమాదం. మధ్యలో థర్మిస్టరు రిలే పెట్టి, అంతా బాగున్నప్పుడు మూసి ఉండి ట్రిప్‌లో తెరుచుకునే దాని కాంటాక్టును డ్రైవ్ ఎక్స్‌టర్నల్ ఫాల్ట్ (బయటి లోపం) ఇన్‌పుట్‌కు ఇవ్వండి. తీగ తెగినా మోటారు ఆగుతుంది.

పరీక్షకు పవర్ తీసి, డ్రైవ్ మీద రాసినంతసేపు ఆగాక, టీపీ తీగలు విప్పి వాటి చోట 470 ఓమ్‌ల రెసిస్టరు కలపండి. పవర్ ఇస్తే ట్రిప్ కాకూడదు. మళ్లీ పవర్ తీసి 4.7 కిలో ఓమ్‌లది పెడితే తప్పక ట్రిప్ కావాలి.

రిలేలోనూ డ్రైవ్‌లోనూ ఆటో రీసెట్ తీసేయండి. చల్లారగానే మోటారు దానంతట అది తిరిగితే, పాలిష్ రాయి మారుస్తున్న మనిషి చేయి లోపలుంటుంది.