థాలియం స్కాన్‌కు వెళ్లేముందు, రిపోర్టు చేతికొచ్చాక

గుండె రక్తనాళం సగానికి పైగా పూడుకుపోయినా, కూర్చుని ఉన్నంతసేపూ రక్తం సరిపోతూనే ఉంటుంది. దిగువనున్న సన్నటి నాళాలు వెడల్పై లోటు పూడుస్తాయి. అందుకే మామూలు ఈసీజీ, ఎకో బాగున్నా మెట్లెక్కితే ఛాతీ పట్టేసేవాళ్లుంటారు. గుండెను శ్రమపెట్టి ఒకసారి, విశ్రాంతిలో ఒకసారి స్కాన్ చేసి పోలిస్తేనే ఆ లోటు బయటపడుతుంది. అందరూ థాలియం స్కాన్ అంటారు గానీ, ఇప్పుడు ఎక్కువగా ఎక్కించేది టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు; రక్తం బాగా అందిన కండరంలోకి అది ఎక్కువగా చేరి స్కాన్‌లో కనిపిస్తుంది. కదలకుండా కూర్చున్నా నొప్పి వస్తుంటే మాత్రం ఈ పరీక్ష కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఈ పరీక్ష చాలాసార్లు ముందురోజే చెడిపోతుంది. కాఫీ, టీ, కోలా, చాక్లెట్, కెఫీన్ కలిసిన తలనొప్పి మాత్రలు కనీసం 12 గంటలు, వీలైతే 24 గంటల ముందు నుంచే మానాలి. కెఫీన్ తీసేసిన డీకాఫ్ కాఫీ కూడా వద్దు. కొందరికి నడక బదులు ఇచ్చే, నాళాలను తెరిపించే అడినోసిన్ మందును కెఫీన్ పనిచేయనివ్వదు. జబ్బున్నా రిపోర్టు నార్మల్ అని రావచ్చు. పొరపాటున తాగితే దాచకుండా చెప్పేయండి, తేదీ మారుస్తారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు ఆపాలా, షుగర్ మందులు ఎలా వేసుకోవాలి అన్నది డాక్టర్ చెప్పాలి; సొంతంగా ఆపొద్దు.

ట్రెడ్‌మిల్ మీద 220లోంచి వయసు తీసేసి, మిగిలినదాంట్లో 85 శాతానికి గుండె వేగం చేరాలి. 60 ఏళ్లవారికి అది నిమిషానికి 136. అక్కడికి చేరాక స్కాన్ మందు (టెక్నీషియం) ఎక్కిస్తారు. ఎక్కించగానే దిగిపోకూడదు, కనీసం ఇంకో నిమిషం నడవాలి. మందు కండరంలోకి చేరేది ఆ కాసేపట్లోనే. నడవలేనివారికి, ఈసీజీలో ఎడమ బండిల్ బ్లాక్ (గుండె ఎడమవైపుకు విద్యుత్ సంకేతం సరిగా వెళ్లకపోవడం) ఉన్నవారికి అడినోసిన్ లాంటి మందే మేలు. ఆస్తమాతో పిల్లికూతలు వస్తుంటే గుండె వేగాన్ని పెంచే డోబుటమిన్ మందు వైపు వెళ్తారు.

ఒంట్లోని స్కాన్ మందు నుంచి వచ్చే కిరణాలను పట్టే గామా కెమెరా కింద చేతులు తలపైకి పెట్టి కదలకుండా పడుకోవాలి. కదిలితే లేని మచ్చలు పుడతాయి.

బొమ్మల్లో సాధారణంగా పైవరుస శ్రమది, కిందివరుస విశ్రాంతిది. కండరం ఉంగరాల్లా కనిపిస్తుంది. పై ఉంగరంలో ఒకచోట రంగు వెలిసి, కిందిదాంట్లో నిండుగా ఉంటే అక్కడ శ్రమలో రక్తం తగ్గుతోందన్నమాట. రెండింటిలోనూ వెలిసి ఉంటే పాత గుండెపోటు మచ్చ అనుకుంటారు, కానీ తొందరపడకూడదు. మగవారిలో డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరం) నీడ గుండె అడుగు గోడ మీద, ఆడవారిలో రొమ్ము నీడ ముందు గోడ మీద పడి అచ్చం అలాగే కనిపిస్తుంది. ఆ గోడ చక్కగా ముడుచుకుంటుంటే అది నీడే అయ్యే అవకాశం ఎక్కువ; బోర్లా పడుకోబెట్టి తీస్తే తేలుతుంది.

అసలు చిక్కు మూడు నాళాలూ సమానంగా పూడినప్పుడు. పోల్చడానికి మంచి భాగమే మిగలదు కాబట్టి ఉంగరం అంతా ఒకే రంగులో, నార్మల్‌లా కనిపిస్తుంది. శ్రమ తర్వాత ఎడమ గది ఉబ్బిందా, పంపింగ్ శాతం పడిపోయిందా అన్నది రిపోర్టులో వెతకండి. అనుమానం మిగిలితే రక్తప్రవాహాన్ని అంకెల్లో కొలిచే పెట్ స్కాన్ గురించి డాక్టర్‌ను అడగండి.