బొమ్మను చదవడం – 4వ పాఠం: దావీద్ ‘హొరేషియస్ సోదరుల ప్రతిజ్ఞ’

గత పాఠంలో వెలుగు ఎటు నుంచి వస్తోందో కనిపెట్టడం చూశాం. ఈసారి ఒకే ఒక్క బొమ్మ, దాని ముందు గంటసేపు కూర్చోవాలి. చిత్రకారుడు జాక్ లూయీ దావీద్. 1748లో పారిస్‌లో పుట్టాడు, 1825లో బ్రస్సెల్స్‌లో పోయాడు. ఫ్రెంచ్ నియోక్లాసికల్ చిత్రకళ (పాత గ్రీకు, రోమన్ కళను ఆదర్శంగా పెట్టుకున్న పద్ధతి) అనగానే మొదట వినిపించే పేరు అతనిదే. బొమ్మ ‘హొరేషియస్ సోదరుల ప్రతిజ్ఞ’. 1784లో రోమ్‌లో గీశాడు, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

దావీద్ బొమ్మ చూసి “ఎంత బాగా గీశాడో” అనడం తేలిక. ఎక్కడ బాగుందో, ఎందుకు బాగుందో వేలు పెట్టి చూపించడం కష్టం. ఆ పని చేతనవ్వాలంటే ముందు కొలవాలి, కథ తర్వాత తెలుసుకోవాలి. అందుకే బొమ్మలో ఉన్నవాళ్లెవరో ఇప్పుడే చెప్పడం లేదు. మీకు ముందే తెలిసి ఉంటే కాసేపు పక్కన పెట్టండి.

కావలసినవి

బొమ్మ కలర్ ప్రింటు ఒకటి, గ్రే షేడ్‌లో ఇంకొకటి, ట్రేసింగ్ పేపర్లు మూడు, మొద్దుబారిన 4బి పెన్సిల్, స్కేలు, రెండు గుండుసూదులు, మూరెడు నల్ల దారం, ప్రింటు కింద పెట్టుకోవడానికి ఒక థర్మోకోల్ అట్ట.

అసలు బొమ్మ ఎత్తు సుమారు 330 సెంటీమీటర్లు, వెడల్పు 425. ఎ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి బొమ్మ వెడల్పు సరిగ్గా 25 సెం.మీ. వచ్చేలా ప్రింటు తీయించండి. అప్పుడు ఎత్తు 19.4 సెం.మీ. రావాలి. మీ కాగితం మీద ఒక సెంటీమీటరు అసలు బొమ్మలో 17 సెంటీమీటర్లన్నమాట. ఈ లెక్క పాఠమంతా పనికొస్తుంది. నిలబడ్డ మనిషిని కొలిచి 17తో గుణించండి, వాళ్లు దాదాపు నిలువెత్తు మనుషులని అర్థమవుతుంది. ఫోన్ తెరమీద బొటనవేలంత కనిపించే మధ్యలోని పెద్దాయన అక్కడ మన ఎత్తున నిలబడి ఉన్నాడు. ఈ సంగతి తలకెక్కకపోతే తక్కిన కొలతలన్నీ ఉత్త అంకెలే.

ప్రింటు ఎత్తు 19 కంటే బాగా తక్కువ వచ్చిందంటే ఎవరో పైభాగమో కిందిభాగమో కత్తిరించారు. ఎక్కువగా బలయ్యేది పైనున్న చీకటి. “అక్కడేమీ లేదు కదా” అని కోసేస్తారు. ఆ చీకటి పోతే మనుషుల తలలు చట్రానికి తగులుతున్నట్టుంటాయి, గది ఇరుకైపోతుంది. మరో చిక్కు, 1786 నాటి చిన్న ప్రతి ఒకటి అమెరికాలోని టొలీడో మ్యూజియంలో ఉంది. ఇంటర్నెట్‌లో రెండూ కలగలిసి దొరుకుతాయి. బొమ్మ కింద లూవ్ర్ అని, 3692 అనే జాబితా సంఖ్య ఉన్నదే తీసుకోండి.

గ్రే ప్రింటును జిరాక్స్ మెషీన్ మీద కాపీ తీయించకండి. జిరాక్స్ ముదురు రంగులన్నిటినీ ఒకే నలుపు చేసేస్తుంది. ఈ బొమ్మలో కుడివైపు వెనకాల ముదురు బట్టల్లో ఒకావిడ, ఆమె దగ్గర ఇద్దరు పిల్లలు ఉన్నారు. జిరాక్స్‌లో ముగ్గురూ మాయమవుతారు. ఫైలునే గ్రేస్కేల్‌లో ప్రింటు చేయమని అడగండి. లామినేషన్ వద్దు. దాని మెరుపుకు చీకటి భాగాలు చదవలేం.

మొదటి పని: రెండు నిలువు గీతలు

ప్రింటు మీద ట్రేసింగ్ పేపర్ పరచండి. వెనక గోడలో మూడు కమానులు కనిపిస్తాయి. వాటిని మోస్తున్న స్తంభాలు నున్నగా, ఏ అలంకారమూ లేకుండా ఉంటాయి. మధ్య కమానుకు అటూ ఇటూ ఉన్న స్తంభాల మీదుగా పైనుంచి కిందికి రెండు గీతలు గీయండి. బొమ్మ మూడు గదులైంది. ఎడమ గదిలో ముగ్గురు యువకులు, మధ్యలో పెద్దాయన, కుడివైపు ఆడవాళ్లూ పిల్లలూ.

ఇప్పుడు ఒకే ప్రశ్న. ఈ గీతలను దాటుతున్నవి ఏవి? ఎడమ గీత దగ్గర మొదట చూడాల్సింది చేతులు. ముగ్గురి చేతులూ పెద్దాయన వైపు చాచుకుని మధ్య గదిలోకి వచ్చేశాయి. ఎవరు కుడిచేయి చాచారో, ఎవరు ఎడమచేయి చాచారో గమనించి కాగితం అంచున రాసుకోండి, తర్వాత అవసరపడుతుంది. కుడి గీత దగ్గరికి రండి. ఆ పక్క నుంచి ఈ పక్కకు ఒక్క చేయీ రాదు. పెద్దాయన వీపు ఆడవాళ్లవైపు ఉంది.

గుంపులు ఒకదానితో ఒకటి అతకలేదని, బొమ్మ ముక్కలుగా ఉందని ఆ రోజుల్లోనే కొందరు విమర్శించారు. వాళ్లు చూసింది నిజమే, దాన్ని తప్పు అనుకోవడమే పొరపాటు. ఈ బొమ్మకు ఆ ఖాళీయే ప్రాణం. రెండో గీత దగ్గరున్న ఖాళీని మూసేసి, ఒక ఆడమనిషి చేయి పెద్దాయన భుజం మీద వేసి చూడండి, ట్రేసింగ్ పేపర్ మీద చిన్న గీత చాలు. బొమ్మ వెంటనే మామూలు వీడ్కోలు దృశ్యమైపోతుంది.

రెండో పని: నేల గీతలు ఎక్కడ కలుస్తాయి

నేల మీద పరిచిన రాళ్ల మధ్య గీతలున్నాయి. కొన్ని అడ్డంగా పోతాయి, వాటిని వదిలేయండి. మన వైపు నుంచి లోపలికి పోయే గీతలు కావాలి. ఒకదానికొకటి వీలైనంత దూరంలో ఉన్న రెంటిని ఎంచుకోండి. దగ్గర దగ్గర గీతలు తీసుకుంటే వెంట్రుకవాసి తేడాకే కలిసే చోటు ఎంతో దూరం జరిగిపోతుంది. స్కేలు బొమ్మను కప్పేస్తుంది కాబట్టి దారం వాడండి. ఒక కొసను గీత మొదట్లో సూదితో గుచ్చి, దారాన్ని గీత వెంబడి లాగి పైకి పోనివ్వండి. రెండో గీతకూ అలాగే చేయండి.

దారాలు రెండూ పెద్దాయన పట్టుకున్న కత్తుల పిడుల దగ్గర కలుస్తాయి. మీకు ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే కారణం రెంటిలో ఒకటి. ఫోటో ఒక పక్కకు వంగి తీసింది అయినా ఉండాలి, దారం గీత మీద కాకుండా రాయి అంచు నీడ మీద పడి అయినా ఉండాలి. ఫోటో సంగతి తేల్చుకోవడానికి స్తంభాలు నిటారుగా ఉన్నాయో లేదో స్కేలుతో చూస్తే చాలు.

ఇలాంటి గీతలను చిత్రకారులు తరచుగా ముఖ్యుడి ముఖం దగ్గర కలిపేవారు. క్రీస్తు బొమ్మల్లో ఇది మామూలే. దావీద్ ముఖాన్ని వదిలేసి పిడికిలిని ఎంచుకున్నాడు. గది మొత్తం, నేల రాళ్లతో సహా, ఆ మూడు కత్తుల వైపే చూపిస్తోంది. అన్నదమ్ముల చూపులూ అటే. ఇక్కడ ఎవరూ పెద్దాయనకు మాట ఇవ్వడం లేదు, ఆయుధానికి ఇస్తున్నారు.

మూడో పని: తిన్నని గీత, వంపు గీత

రెండో ట్రేసింగ్ పేపర్ తీసుకోండి. ముగ్గురు యువకులను తిన్నని గీతలతో మాత్రమే గీయాలి, ఒక్కో మనిషికి ఎనిమిది గీతలకు మించకూడదు. చాచిన చేయి ఒక గీత, ముందు కాలు ఒకటి, వెనక కాలు ఒకటి, ఇలా. చాలా తేలిగ్గా కుదురుతుంది. కాళ్ల మధ్య త్రికోణాలు ఏర్పడతాయి, ముందున్నవాడు పట్టుకున్న ఈటె ఇంకో తిన్నని గీత. ఇక ఆడవాళ్లనూ అవే ఎనిమిది తిన్నని గీతలతో గీయబోండి. కుదరదు. మెడ వాలింది, భుజం జారింది, చేయి ఒళ్లో పడింది, చీరకుచ్చెళ్లలా బట్ట మడతలు కిందికి జారాయి. వంపు గీతలతో గీస్తే మాత్రం నాలుగైదింటిలో వచ్చేస్తారు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు కండరాలను గీస్తూ కూర్చోవడం. దావీద్ గీసిన పిక్కలు, మోచేతులు కంటిని లాగేస్తాయి, ఆ మోజులో గీతల లెక్క మర్చిపోతాం. మొద్దు పెన్సిల్ చెప్పింది అందుకే, అది చిన్న వివరాలు గీయనివ్వదు.

ఆ మడతలు ఊహించి వేసినవి కావు. ముఖ్యమైన మనుషులకు దావీద్ విడిగా డ్రాయింగులు వేసుకునేవాడు. బట్ట మడతలను అధ్యయనం చేసి, కాగితం మీద గళ్లు కొట్టి, అవే గళ్లను పెద్ద గుడ్డ మీద కొట్టి ఎక్కించేవాడు. రెండో పాఠంలో మనం నేర్చుకున్న గళ్ల పద్ధతి ఇదే. ఓపికుంటే కుడి చివర తెల్లబట్టల ఆవిడ ఒక్కరినే రెండు సెంటీమీటర్ల గళ్లలో పెట్టి రెట్టింపు సైజులో గీయండి. ఒక్కో మడత ఎక్కడ పుట్టి ఎక్కడ చస్తుందో చేతికి తెలుస్తుంది.

నాలుగో పని: మూడు మెట్లలో నీడ

గ్రే ప్రింటును గోడకు అతికించి ఆరడుగుల దూరం నుంచి కళ్లు చికిలించి చూడండి. మూడో పేపరు మీద మూడే మెట్లు పెట్టండి. తెలుపు వదిలేయడం, మధ్యరకం ఒకపూత, నలుపు రెండుపూతలు. వెలుగు ఎడమ పైనుంచి వస్తోంది. వెనక కమానుల లోపల నలుపు. దాని ముందు మనుషులు రాతిపలక మీద చెక్కిన శిల్పాల్లా ఒకే వరసలో తేలతారు. గదికి లోతు ఉన్నా మనుషులు దాన్ని వాడుకోలేదు.

తెలుపు ఎక్కడ ఎక్కువగా ఉందో చూడండి. కథను నడిపించే మగవాళ్ల మీద అనుకుంటాం. కానీ కుడి చివరన కూలబడిన ఆ ఆవిడ బట్టలు కళ్లు చికిలించినా ఆరిపోవు. మధ్యలో పెద్దాయన ఎర్ర వస్త్రం రంగులో గట్టిగా కనిపిస్తుంది, గ్రే ప్రింటులో మధ్యరకానికి దిగిపోతుంది. అంటే రంగు కంటిని మధ్యకు లాగితే, వెలుగు అంచుకు లాగుతోంది. రెండు ప్రింట్లు తీయించమన్నది ఈ తేడా కోసమే.

రంగుల మీద ఒక జాగ్రత్త. ఏ రెండు ఫోటోలూ ఒకేలా ఉండవు. ఆ తెల్లబట్టలనే గీటురాయిగా పెట్టుకోండి. అవి కాస్త వెచ్చని తెలుపుగా ఉంటే ఫరవాలేదు, పాత వార్నిష్ వల్ల కూడా అలా అవుతుంది. పచ్చగానో నీలంగానో ఉంటే ఆ ఫోటోతో రంగుల గురించి తీర్పులు చెప్పకండి.

ఇప్పుడు కథ

రోమ్‌కూ పక్కనున్న ఆల్బా నగరానికీ యుద్ధం. సైన్యాలు నశించడం ఎందుకని రోమ్ తరఫున హొరేషియస్ ఇంటి ముగ్గురు అన్నదమ్ములు, ఆల్బా తరఫున కురియేషియస్ ఇంటి ముగ్గురు తలపడాలని ఒప్పందం. చిక్కేమిటంటే రెండిళ్ల మధ్యా వియ్యం ఉంది. తెల్లబట్టల్లో ఉన్నది హొరేషియస్‌ల చెల్లెలు కమిల్లా, అవతలి ముగ్గురిలో ఒకరితో ఆమెకు పెళ్లి నిశ్చయమైంది. పక్కనున్న సబీనా అవతలివాళ్ల తోబుట్టువు, ఈ ఇంటి కోడలు. ఎవరు గెలిచినా వీళ్లిద్దరికీ చావుకబురే. చివరికి ఒక్క హొరేషియస్ ప్రాణాలతో తిరిగొస్తాడు. కాబోయే భర్త కోసం ఏడ్చిన చెల్లెలిని కత్తితో పొడిచి చంపుతాడు.

రోమన్ చరిత్రకారుడు లివీ ఈ కథను తన మొదటి సంపుటంలో చెప్పాడు. అందులో తండ్రి కొడుకుల చేత ఇలా ప్రమాణం చేయించే ఘట్టం లేదు. ఇదే కథ మీద ఫ్రెంచ్ నాటకకర్త కోర్నేయ్ 1640లో రాసిన నాటకంలోనూ లేదు. దావీద్ కల్పించుకున్నాడు. పోరాటం గానీ హత్య గానీ గీస్తే రక్తం కనిపించేది. దానికి ముందరి క్షణాన్ని ఎంచుకోవడం వల్ల జరగబోయేదంతా రెండో నిలువు గీత దగ్గరున్న ఖాళీలోకి చేరింది. వెనక ముదురు బట్టల ఆవిడ పిల్లలను దగ్గరికి పొదువుకుంది. అయినా పెద్దపిల్లాడు మగవాళ్ల వైపే చూస్తున్నాడు. గ్రే ప్రింటులో ఆ ముఖాన్ని వెతకండి.

ఫ్రెంచ్ విప్లవాన్ని ముందే చాటిన బొమ్మ అని దీన్ని గురించి చాలాచోట్ల రాస్తారు. తేదీలు చూడండి. దీన్ని గీయించుకున్నది పదహారో లూయీ ప్రభుత్వం. 1785లో ముందు రోమ్‌లో, తర్వాత పారిస్ సలోన్ ప్రదర్శనలో జనం చూశారు. విప్లవం 1789లో వచ్చింది. 1793లో అదే రాజుకు మరణశిక్ష వేయాలని దావీద్ ఓటేసిన మాట నిజమే. అయితే తొమ్మిదేళ్ల తర్వాతి ఓటును 1784 నాటి పిడికిళ్లలో చూడటం మనం తెచ్చి పెట్టే అర్థం. కొలిచిన గీతల్లో కనిపించేది క్రమశిక్షణ, ఒక ఇంటి చీలిక. అంతవరకే ధైర్యంగా చెప్పగలం.

లూవ్ర్‌కు వెళ్లేవాళ్లకు: డెనాన్ విభాగం, మొదటి అంతస్తు, 702వ గది. అదే గదిలో దావీద్ గీసిన నెపోలియన్ పట్టాభిషేకం దాదాపు పది మీటర్ల వెడల్పుతో ఉంటుంది, జనమంతా దాని ముందే. మీరు ‘ప్రతిజ్ఞ’కు ఆరు మీటర్ల దూరంలో నిలబడితే మూడు గదులూ ఒకేసారి కంట్లో పడతాయి. తర్వాత రెండు మీటర్లకు వచ్చి చేతులు, పాదాలు చూడండి. కుంచె జాడలు దాదాపు కనిపించవు, అంత నునుపు చేశాడు. కింద ఎడమవైపు అతని సంతకం, రోమన్ అంకెల్లో సంవత్సరం ఉంటాయి.

ఇంటిపని

దావీద్ 1789లో గీసిన బ్రూటస్ బొమ్మ తీసుకోండి. రాజులను తిరిగి తేవాలని కుట్ర చేసిన తన కొడుకులకు మరణశిక్ష వేసిన రోమన్ నాయకుడు బ్రూటస్. శవాలను ఇంటికి మోసుకొస్తున్న సందర్భమిది. కొలత 323కి 422 సెంటీమీటర్లు, అంటే 25 సెం.మీ. ప్రింటులో ఇదివరకటి 17 లెక్కే పనిచేస్తుంది. ఇక్కడా మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. మూడు సంగతులు వెతకండి: తండ్రి వెలుగులో ఉన్నాడా, నీడలోనా? బొమ్మ మధ్యలో మనిషికి బదులు ఏ వస్తువు కూర్చుంది? ఆడవాళ్ల చేతులు ఈసారి ఎటు చాచి ఉన్నాయి? నిలువు గీతలు, మూడు మెట్ల నీడ రెండూ వేసి, నేటి పేపర్లతో పాటు దాచుకోండి. ఐదో పాఠంలో రెండు బొమ్మల ట్రేసింగులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాం, కాబట్టి నాలుగు మూలలా చిన్న గుర్తులు పెట్టడం మర్చిపోకండి.